తుంగభద్ర నడిగడ్డలు: చూసి రావడం, అడిగి రావడం

దీవి అనే మాట వినగానే మనలో చాలామందికి సముద్రం, ఓడ, అండమాన్ గుర్తుకు వస్తాయి. అవన్నీ మన హాస్టల్ విహారయాత్రకు అందని దూరాలు అనిపిస్తాయి. కానీ కౌతాళం, మంత్రాలయం పక్కగా పారే మన తుంగభద్రలోనే, కొంచెం ఎగువన, ప్రపంచం నలుమూలల నుంచీ జనం వెతుక్కుంటూ వచ్చిన దీవి ఒకటి ఉంది. దాని పేరు విరుపాపుర గడ్డె. హంపి విరూపాక్ష దేవాలయానికి సరిగ్గా ఎదుట, నదికి ఆవలి వైపు ఉంటుంది. దానికి దిగువన ఆనెగొంది దగ్గర నవబృందావనం అనే మరో చిన్న దీవి ఉంది. ఈ రెండింటినీ గైడు వెంట ఉండి ఎలా చూడాలి, చూసేటప్పుడు ఏం అడగాలి అనేది మిత్రులకు వివరించడమే ఈ వ్యాస ఉద్దేశం.

వీపున ఒక పెద్ద సంచి తగిలించుకుని, తక్కువ ఖర్చుతో, నెలల తరబడి దేశాలు తిరిగేవాళ్లను బ్యాక్‌ప్యాకర్లు అంటారు. సంచి సర్దుకుని ఊరు వదలడం మన ప్రాంతానికీ కొత్త కాదు. ఆదోని, కోసిగి, మంత్రాలయం మండలాల నుంచి వేల కుటుంబాలు ఏటా సుగ్గికి పోతాయి. గుంటూరు మిరప చేలకో, హైదరాబాదు, బెంగళూరు కట్టడపు పనులకో మూట కట్టుకుని బయలుదేరుతాయి. ఆ ప్రయాణంలో చూసేందుకు తీరిక ఉండదు, చూపించేవాడూ ఉండడు. కాబట్టి ప్రయాణం అంటే మన ఇళ్లలో కష్టం అనే అర్థమే నిలిచిపోయింది. ఊరికే చూడడానికి, తెలుసుకోవడానికి పోవడం డబ్బున్నవాళ్ల పని అనుకుంటాం. ఆ అభిప్రాయం మారాలని మా కోరిక.

మనకూ ఆ దీవికీ ఏమిటి సంబంధం?

కన్నడంలో నది మధ్యనున్న భూమిని నడుగడ్డె అంటారు. మనం గద్వాల, అలంపురం ప్రాంతాన్ని కృష్ణా తుంగభద్రల నడుమ ఉంది కనుక నడిగడ్డ అంటాం. రెండూ ఒకటే మాట. భాష మారినా నది మారలేదు.

పాలన కూడా ఒకప్పుడు ఒకటే. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడే దాకా ఆదోని, ఆలూరు తాలూకాలు బళ్లారి జిల్లాలోనే ఉండేవి. హంపి ఉన్న హొసపేట తాలూకా కూడా ఆ జిల్లాలోదే. అంటే మన తాతల కాలంలో హంపి మన జిల్లాలోని ఊరే. నదికి ఉత్తరాన ఉన్న ఆనెగొంది, గంగావతి మాత్రం నిజాం రాజ్యంలో ఉండేవి. ఇప్పుడు హంపి 2021లో ఏర్పడిన విజయనగర జిల్లాలోకి, విరుపాపుర గడ్డె కొప్పళ జిల్లా గంగావతి తాలూకాలోకి వస్తాయి.

నీటి సంబంధం అన్నింటికన్నా పెద్దది. హొసపేట దగ్గరి తుంగభద్ర డ్యాం నుంచి వచ్చే దిగువ కాలువే, మనం ఎల్లెల్సీ అని పిలిచేది, ఆదోని, ఎమ్మిగనూరు పొలాలకు నీరిస్తుంది. 2024 ఆగస్టు 10 రాత్రి డ్యాం 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయినప్పుడు దీవుల దగ్గరివాళ్లూ భయపడ్డారు, కాలువ కింద సాగు చేసే మనవాళ్లూ భయపడ్డారు. వాళ్ల భయం వరద వస్తుందని, మనవాళ్ల భయం నీళ్లు మిగలవని. గేట్ల నిపుణులు వారం రోజుల్లో స్టాప్‌లాగ్‌లు దించి నీటిని ఆపారు.

డ్యాం కట్టాక కాలువల కింద భూములు కొనుక్కుని కోస్తా జిల్లాల రైతులు గంగావతి, సింధనూరు వైపు వచ్చి స్థిరపడ్డారు. వాళ్ల ఊళ్లను నేటికీ క్యాంపులు అంటారు. అందుచేత గంగావతి బజారులో తెలుగు మాట్లాడితే జవాబు దొరుకుతుంది.

ఎలా వెళ్లాలి?

ఆదోని నుంచి రైలులో గుంతకల్లు, అక్కడ బండి మారి బళ్లారి మీదుగా హొసపేట చేరవచ్చు. అక్కడి నుంచి హంపి సుమారు 13 కిలోమీటర్లు, బస్సులు, ఆటోలు ఉంటాయి. ఎమ్మిగనూరు మిత్రులు ఆదోని వచ్చి రైలు ఎక్కాలి. బస్సు దారి కావాలంటే ఆదోని నుంచి సిరుగుప్ప, అక్కడి నుంచి గంగావతి, ఆపైన ఆనెగొంది. దీవులు చూడడానికే అయితే ఈ రెండో దారి మేలు. మేము ఈ దారినే వెళ్లాం.

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. జూలై నుంచి సెప్టెంబరు దాకా డ్యాం గేట్లు ఎత్తితే నది దాటడం ఆపేస్తారు. 2019 ఆగస్టులో నీళ్లు ఒక్కసారిగా పెరిగి విరుపాపుర గడ్డెలో వందలాది మంది పర్యాటకులు చిక్కుకుపోతే పడవలతో, హెలికాప్టర్లతో బయటకు తేవలసి వచ్చింది. 2009 అక్టోబరులో ఇదే నది మంత్రాలయాన్ని ముంచిన సంగతి మన పెద్దలకు బాగా తెలుసు. తుంగభద్రకు ఎండాకాలం ఒక ముఖం, వానాకాలం మరో ముఖం.

గుండ్ల కథ

అక్కడికి పోయినవాళ్లు మొదట చూసేది రాళ్లనే. ఏనుగంత గుండు మీద ఇంటంత గుండు నిలబడి ఉంటుంది. ఇప్పుడో రేపో దొర్లిపడేట్టు ఉంటుంది, ఎన్నేళ్లయినా పడదు. వాలి సుగ్రీవులు ఒకరి మీద ఒకరు విసురుకున్న రాళ్లని స్థానికులు చెప్తారు. భూకంపం వచ్చి చెదిరాయని మరికొందరు అనుకుంటారు.

భూగర్భ శాస్త్రం చెప్పేది ఇది. ఇవి సుమారు 250 కోట్ల సంవత్సరాల నాటి గ్రానైటు జాతి రాళ్లు. భూమి లోపల ఏర్పడ్డాయి. పైనున్న బరువు కోట్ల ఏళ్లలో కరిగిపోయే కొద్దీ ఆ రాయి వ్యాకోచించి నిలువుగా, అడ్డంగా పగుళ్లు పారింది. పగుళ్లలోకి నీరు దిగింది. గ్రానైటులోని ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజం నీటితో కలిసి మెల్లగా బంకమన్నుగా మారుతుంది. రాతి ముక్క మూలల మీద నీరు అన్ని వైపుల నుంచీ పని చేస్తుంది కనుక మూలలు ముందుగా అరిగి, నలుచదరపు రాయి గుండ్రం అవుతుంది. తర్వాత వానలు చుట్టూ ఉన్న మట్టిని కడిగేస్తే గట్టి గుండ్లు ఒకదాని మీద ఒకటి మిగిలిపోతాయి. ఎవరూ తెచ్చి పేర్చలేదు, ఎక్కడి నుంచో దొర్లి రాలేదు. ఉన్నచోటనే బయటపడ్డాయి. ఆదోని కోట కొండ ఎక్కినవాళ్లకు ఈ గుండ్లు కొత్త కావు. ఇదే తీరున మిగిలిన రాళ్లే అక్కడా ఉన్నాయి. ఒక చోట చూడడానికి విదేశాల నుంచి వస్తున్నారు, మరో చోట మనం వాటి పక్కనుంచే రోజూ నడుస్తున్నాం.

పుట్టి ప్రయాణం

నది దాటడానికి ఇక్కడ పాత సాధనం పుట్టి. వెదురు బద్దలతో గుండ్రటి గంపలా అల్లి, కింద ప్లాస్టిక్ పట్టా వేసి తారు పూస్తారు. పూర్వం తోలు కప్పేవారు. 1520 ప్రాంతంలో విజయనగరం చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పాయెస్ ఈ గుండ్రటి పడవల గురించి రాశాడు. పదిహేను ఇరవై మందిని మోస్తాయని, అవసరమైతే గుర్రాలను, ఎద్దులను కూడా దాటిస్తాయని, తిన్నగా పోలేక గిరగిరా తిరుగుతూ పోతాయని అతను వర్ణించాడు. ఐదు వందల ఏళ్లు గడిచినా పుట్టి అలాగే ఉంది. ఇప్పుడు పర్యాటకుల సరదా కోసం దాన్ని కావాలనే తిప్పుతారు.

మన దగ్గర కూడా నది ఒడ్డు ఊళ్లలో పుట్టి నడిపేవాళ్లు ఉన్నారు. ఎక్కడ లోతు, ఎక్కడ బండ, ఎక్కడ సుడి అనేది ఏ పటంలోనూ ఉండదు, వాళ్ల కళ్లలో ఉంటుంది. ఎక్కే ముందు రెండు సంగతులు చూసుకోవాలి. లైఫ్ జాకెట్ ఉందా, ఎంతమందిని ఎక్కిస్తున్నారు. ఛార్జీ ముందే మాట్లాడుకోవాలి.

మొదటి దీవి: నవబృందావనం

ఆనెగొంది ఒడ్డు నుంచి పడవలో కొద్దిసేపటి ప్రయాణం. మధ్వ సంప్రదాయానికి చెందిన తొమ్మిది మంది యతుల బృందావనాలు ఇక్కడ ఉన్నాయి. కృష్ణదేవరాయల కాలంలో గొప్ప గౌరవం పొందిన వ్యాసతీర్థుల బృందావనం మధ్యలో ఉంటుంది. మంత్రాలయం రాఘవేంద్రస్వామి గురువైన సుధీంద్రతీర్థుల బృందావనం కూడా ఇక్కడే ఉంది. మంత్రాలయం వెళ్లే భక్తులలో చాలామంది ఇక్కడికీ వస్తారు.

2019 జూలైలో గుప్తనిధుల ఆశతో దుండగులు వ్యాసతీర్థుల బృందావనాన్ని కూలగొట్టి తవ్వారు. భక్తులు వెంటనే తిరిగి నిలబెట్టారు. నేరస్థులను పోలీసులు పట్టుకున్నారు. గుప్తనిధి పిచ్చి మన జిల్లాలోనూ పాత కోటలను, గుళ్లను పాడు చేస్తోంది. ఒక రాతి కింద బంగారం ఉంటుందని నమ్మినవాడికి ఆ రాయే సంపద అని తెలియదు.

దగ్గరలోనే అంజనాద్రి కొండ ఉంది. 575 మెట్లు. హనుమంతుడు ఇక్కడే పుట్టాడని స్థానికుల నమ్మకం. 2021లో తిరుమల తిరుపతి దేవస్థానం తిరుమల కొండల్లోని అంజనాద్రే జన్మస్థలమని ప్రకటించింది. మా గైడు రెండూ చెప్పి, "మీకు ఏది నమ్మకమో అది నమ్మండి, మెట్లు మాత్రం ఎక్కండి" అన్నాడు. నమ్మకాన్ని నమ్మకంగా, ఆధారాన్ని ఆధారంగా విడివిడిగా చెప్పేవాడే మంచి గైడు అని మాకు తోచింది.

రెండవ దీవి: విరుపాపుర గడ్డె

ఇక్కడ గొప్ప రాజభవనాలు లేవు. వరి మళ్లు, అరటి తోటలు, కొబ్బరి చెట్లు, చుట్టూ గుండ్లు, ఎదుట విరూపాక్ష గోపురం. సాయంత్రం ఎండ పల్చబడేటప్పుడు ఆ గుండ్లు ఎర్ర మట్టి ముద్దల్లా కనిపిస్తాయి. ఈ ప్రశాంతత కోసమే విదేశీ యువకులు వచ్చారు. హిప్పీ ఐలాండ్ అని పేరు పెట్టారు. ఇజ్రాయెల్‌లో తప్పనిసరి సైనిక సేవ ముగించిన యువతీయువకులు చాలామంది ఇక్కడ వారాల తరబడి ఉండేవారు. గుండ్లు ఎక్కే క్రీడాకారులు చేతులకు సుద్దపొడి రాసుకుని, కింద మందపాటి పరుపు పరుచుకుని తాడు లేకుండా ఎక్కేవారు. 2003లో అమెరికా క్రీడాకారుడు క్రిస్ శర్మ మీద వచ్చిన డాక్యుమెంటరీతో ఈ ప్రాంతం ఆ క్రీడకు పేరుపడింది.

వచ్చినవాళ్లకు పడుకోవడానికి చోటు, తినడానికి తిండి కావాలి. పొలం ఉన్నవాళ్లు గుడిసెలు వేశారు, కొందరు స్థలాలు లీజుకు ఇచ్చారు. గుడిసెలు గెస్ట్‌హౌస్‌లయ్యాయి. వంటవాళ్లు, దుప్పట్లు ఉతికేవాళ్లు, మోపెడ్‌లు అద్దెకిచ్చేవాళ్లు, పుట్టి నడిపేవాళ్లు, అందరికీ పని దొరికింది. చదువు లేనివాళ్లు కూడా పది విదేశీ మాటలు నేర్చుకున్నారు.

మరో పక్క చట్టం ఉంది. హంపి 1986లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. ఆనెగొంది దగ్గర వంతెన వంటి కొత్త నిర్మాణాల కారణంగా 1999లో ప్రమాదంలో ఉన్న ప్రదేశాల జాబితాకు ఎక్కి, 2006లో దాని నుంచి బయటపడింది. అదే వంతెన 2009 జనవరిలో కడుతుండగానే కూలి కూలీలు మరణించారు. హంపి పరిరక్షణకు 2002లో ప్రత్యేక చట్టం, దాని కింద ప్రాధికార సంస్థ వచ్చాయి. విరుపాపుర గడ్డె కూడా రక్షిత ప్రాంతంలోదే కాబట్టి అక్కడి వ్యాపార కట్టడాలు చెల్లవని అధికారులు అన్నారు. మా సొంత భూముల్లో కట్టుకున్నామని యజమానులు కోర్టుకు వెళ్లారు. 2015లో కర్ణాటక హైకోర్టు, 2020 ఫిబ్రవరి 11న సుప్రీంకోర్టు అధికారుల పక్షాన తీర్పు చెప్పాయి. 2020 మార్చిలో యంత్రాలు వచ్చి గెస్ట్‌హౌస్‌లను నేలమట్టం చేశాయి. అదే నెలలో కరోనా లాక్‌డౌన్ వచ్చింది. అంతకు ముందు 2011లో నది ఇవతల హంపి బజారు మంటపాల్లో కాపురమున్న కుటుంబాలను కూడా ఇలాగే ఖాళీ చేయించారు.

ఎవరిది న్యాయం?

ఈ విషయం మీద మాలో మాకే ఒక పూట వాదన జరిగింది. పాత రాళ్లు ఒకసారి పోతే తిరిగి రావు, ఎవరికి తోచినట్టు వాళ్లు కాంక్రీటు పోస్తూ పోతే చూడడానికి ఏమీ మిగలదు అనేది ఒక మాట. అది నిజం. గెస్ట్‌హౌస్ యజమానికి వేరే చోట మరొకటి కట్టే శక్తి ఉంటుంది, అందులో గిన్నెలు కడిగిన మనిషికి ఉండదు అనేది రెండో మాట. అదీ నిజం. సణాపురం, ఆనెగొంది వైపు తర్వాత చాలా హోంస్టేలు వచ్చాయి. అంటే వ్యాపారం చోటు మార్చుకుంది. దీవిలో పని చేసినవాళ్లలో ఎందరికి అక్కడ పని దొరికిందో ఏ బోర్డు మీదా రాసి లేదు.

మేము చివరికి ఒప్పుకున్నది ఇది. కట్టడానికి ముందే అనుమతి ఉందో లేదో గట్టిగా చెప్పే పంచాయతీ, దాన్ని అడిగి తెలుసుకునే చదువు ఉన్న ఊరివాళ్లు ఉంటే ఇరవై ఏళ్ల బతుకు ఒక్క పూటలో కూలదు. చట్టం తెలియకపోవడం వల్ల వచ్చే నష్టం ఎప్పుడూ కింద ఉన్నవాడి మీదే పడుతుంది. చదువుకున్న మనం ఊళ్లో చేయగల మొదటి సాయం, కాగితం చదివి అర్థం చెప్పడం.

గైడును అడగవలసిన ప్రశ్నలు

సాధారణంగా గైడు రాజు పేరు, గుడి పేరు, సంవత్సరం చెప్పుకుంటూ పోతాడు. మనం గ్రూప్ ఫోటో దిగి బస్సెక్కుతాం. ఈసారి వెళ్లేవాళ్లు ఈ నాలుగు ప్రశ్నలు అడగండి.

ఒకటి: ఈ రాయి ఇక్కడికి ఎలా వచ్చింది? రెండు: ఈ నీటిని ఎవరు మళ్లించారు? విజయనగర కాలంలో తవ్విన కాలువలలో కొన్ని నేటికీ పొలాలకు నీరిస్తున్నాయి. మూడు: ఎవరు తవ్వారు, ఎవరు మోశారు? శాసనంలో రాజు పేరు, దాత పేరు ఉంటాయి. రాయి మోసినవాడి పేరు ఉండదు. కృష్ణదేవరాయలు తవ్వించిన పెద్ద చెరువు పనిలో పదిహేను ఇరవై వేల మంది చీమల్లా కనిపించారని పాయెస్ రాశాడు. కట్ట నిలవక తెగుతుంటే అరవై మంది మనుషుల తలలు నరికించారని కూడా రాశాడు. వాళ్లెవరి పిల్లలో మనకు తెలియదు. వాళ్లు ఎవరై ఉంటారో ఊహించడం మనకు కష్టం కాదు. నాలుగు: ఇప్పుడు ఇక్కడ ఎవరు బతుకుతున్నారు, ఎలా బతుకుతున్నారు?

మా గైడు మూడో ప్రశ్నకు కాసేపు మాట్లాడలేదు. "ఇన్నేళ్లలో ఇది ఎవరూ అడగలేదు" అన్నాడు. తర్వాత తానే తన తాత కాలువ పూడికతీత పనికి పోయిన సంగతి చెప్పాడు. ఆ రోజు విన్నవాటిలో మేము మరిచిపోనిది అదే.

కొన్ని జాగ్రత్తలు

నదిలో ఈతకు దిగవద్దు. నీటి కింద బండలు, సుడులు కనిపించవు. 2025 ఫిబ్రవరిలో హైదరాబాదు నుంచి వచ్చిన ఒకరు సణాపురం దగ్గర బండ మీది నుంచి నదిలోకి దూకి ప్రాణం పోగొట్టుకున్నారు. చీకటి పడ్డాక నిర్జన ప్రదేశాలకు పోవద్దు. శిల్పాల మీదికి ఎక్కడం, పేర్లు చెక్కడం నేరం. పర్యాటక శాఖ గుర్తింపు కార్డు ఉన్న గైడునే తీసుకోండి, డబ్బు ముందే మాట్లాడుకోండి, నలభై మందికి ఒకే గైడు కాకుండా రెండు జట్లుగా విడిపోండి. వరి మళ్ల గట్ల మీద నడిచేటప్పుడు అది ఒకరి బువ్వ అని గుర్తుంచుకోండి.

మనమూ గైడులం కావచ్చు

గైడు పనికి కావలసినవి చరిత్ర, రెండు మూడు భాషలు, ఓపిక. మన ప్రాంతపు పిల్లలకు తెలుగు, కన్నడం, కొంత ఉర్దూ ఇంటి దగ్గరే వస్తాయి. ఇంగ్లీషు కాలేజీలో నేర్చుకుంటున్నాం. ఇది చిన్న అర్హత కాదు. దీన్ని అర్హత అని మనకు ఎవరూ చెప్పలేదు, అంతే.

మొదలు మన ఊరి నుంచే పెట్టవచ్చు. 1565 యుద్ధం తర్వాత మూడేళ్లకు, 1568లో, విజయనగరం చేతి నుంచి బిజాపూరు చేతికి పోయిన ఆదోని కోట మన కళ్ల ముందే ఉంది. సిద్ధి మసూద్ ఖాన్ కట్టించిన జామియా మసీదు ఉంది. ఎమ్మిగనూరులో మాచాని సోమప్ప గారు 1938లో నెలకొల్పిన చేనేత సహకార సంఘం చరిత్ర ఉంది. ఆదోని పత్తి మార్కెట్ ఉంది. కౌతాళం వైపు పుట్టి నడిపే పెద్దలు ఉన్నారు.

వచ్చే వార్షికోత్సవానికి ముందు ఒక ఆదివారం హాస్టల్ విద్యార్థులు ఐదుగురు ఐదు చోట్లకు గైడులుగా నిలబడి, తక్కినవాళ్లకు అరగంట చొప్పున చెప్పాలని మా ప్రతిపాదన. ఒకరు కోట గుండ్ల గురించి, ఒకరు ఎల్లెల్సీ గురించి, ఒకరు మగ్గం గురించి, ఒకరు మార్కెట్ గురించి, ఒకరు సుగ్గికి పోయి వచ్చిన తమ ఇంటివాళ్లు చూసిన ఊళ్ల గురించి. చివరిది ఏ పుస్తకంలోనూ దొరకదు, ఇంట్లోనే అడగాలి. వార్డెన్ గారు ఒప్పుకుంటే బాధ్యత మేము తీసుకుంటాం. పేర్లు ఇచ్చేవాళ్లు పరీక్షలు ముగిసేలోగా ఇస్తే, ఎవరు ఏం చదవాలో, ఎవరిని కలవాలో కూర్చుని రాసుకుందాం.